ఒంటి పత్రిక, పదో వచనం

పోయినవారం మనం రాళ్ళక్క కొట్టు గుమ్మంలో ఆగిపోయాం. అచ్చాపీసు పెద్దాయన పోయి నెల కావస్తోంది. ఆయన సమాధి రాయి రేపు పొద్దున్న ఏడింటికి నిలబెట్టాలి. రాయి మీద ఆయన పేరు, రెండు తేదీలు, వాటి కింద ఆయన బతికుండగానే తన చేత్తో రాసిచ్చిన ఒక్క బైబిలు వరుస: ‘ఫిలేమోనుకు రాసిన పత్రిక, 10’. అంతే. అంకె ముందు ఇంకో అంకె లేదు, మధ్యలో రెండు చుక్కలు లేవు. పెద్దాయన మతిమరుపులో అధ్యాయం నెంబరు వదిలేశాడనుకుని రాళ్ళక్క ఆయన పెద్దకొడుక్కి ఫోన్ చేసి అడిగింది. అతను చూసి చెప్తానన్నాడు, చెప్పలేదు. అడక్కుండా ఉంటే ఈ కథ ఆ సమాధి దగ్గరే ముగిసిపోయేది. అడిగింది గనక పెద్దకొడుకు ఇప్పుడు ఆమె గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపల గోనెపట్టా తెర వెనకాల, మూడు వారాల కిందట అతను అచ్చాపీసులోంచి వెళ్ళగొట్టిన మనిషి రాయి రుద్దుతున్నాడు.

రాళ్ళక్కని తప్పుపట్టే ముందు ఒక మాట. సమాధి రాళ్ళు చెక్కేవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. చీటీలో వాక్యం నెంబరు ఉంటే అందులో రెండు అంకెలుండాలి, మొదటిది అధ్యాయం, రెండోది వచనం. ఒక్కటే ఉంటే ఉలి కింద పెట్టేసి ఇంటివాళ్ళని అడగాలి. కాగితం మీద తప్పైతే కొట్టేసి రాసుకోవచ్చు, రాతి మీద తప్పైతే రాయి పారెయ్యాల్సిందే. ఆమె మొగుడు బతికున్నరోజుల్లో పెళ్ళాం చెవిలో ఇల్లు కట్టుకుని మరీ నేర్పిన పాఠమిది. అందుకే, పెద్దాయన చీటీ ఇస్తూ ‘ఒక్క అంకే వెయ్యాలమ్మా, గుర్తుపెట్టుకో’ అని రెండుసార్లు చెప్పినా ఆమె తలూపింది గానీ మనసు ఆయన వణుకుతున్న చేతి మీదే ఉండిపోయింది. ముసలాయన కదా, చాదస్తం అనుకుంది.

అసలు సంగతి నిన్న సాయంత్రం సీసం చెప్పాడు. సీసం అంటే ఆ తెర వెనక మనిషే, వెళ్ళగొట్టాక రాళ్ళక్క పనిలో పెట్టుకున్నవాడు. అసలు పేరేదో ఉండే ఉంటుంది గానీ, పదేళ్ళప్పుడు అనాథాశ్రమం నుంచి అచ్చాపీసుకి వచ్చినవాడు ముప్పై రెండేళ్ళు సీసం కరిగించి, సీసపు అక్షరాలు పేర్చి, ఆ పేరుతోనే మిగిలిపోయాడు. రాయి మీద సుద్దతో గీసిన వరుస చూసి, చేతిలో తడిగుడ్డ పక్కన పెట్టి, “అక్కా, దీనికి అధ్యాయాల్లేవు,” అన్నాడు.

“లేకపోవడమేంటి?”

“మొత్తం ఒక పేజీ ఉత్తరం. జైల్లో ఉన్న ముసలాయన, బయట ఒక ఇంటి యజమానికి రాసిందట. పెద్ద పత్రికలకి అధ్యాయం నెంబరు, వచనం నెంబరు వేస్తాం. దీనికి పేరు రాసి పక్కన వచనం ఒక్కటే వేస్తాం. అచ్చాపీసులో దీన్ని ఒంటి పత్రిక అనేవాళ్ళం.”

అతనికి ఆ ఉత్తరం కంఠతా వచ్చనడం తప్పు. వేళ్ళకి వచ్చు. చిన్నది కాబట్టి కొత్తగా పనిలో చేరినవాళ్ళకి మొదట అదే ఇచ్చి అక్షరాలు పేర్పించేవాళ్ళు. సీసానికీ అదే ఇచ్చారు. మిగతావాళ్ళు నాలుగు రోజుల్లో దాన్ని దాటిపోయి పెద్ద పనుల్లో పడ్డారు. సీసాన్ని మాత్రం పెద్దాయన వదల్లేదు. అన్నీ సరిగ్గా ఉన్నా సరే, ప్రూఫు చూసి, “పదో వచనం విప్పి మళ్ళీ పేర్చు,” అనేవాడు. మర్నాడు మళ్ళీ, ఆర్నెల్ల తరవాత మళ్ళీ, వాడికి మీసాలొచ్చాక కూడా ఏడాదికోసారి మళ్ళీ.

“తప్పేంటో ఎప్పుడూ చెప్పేవారు కాదక్కా. నా మీద ఏదో కోపం అనుకునేవాణ్ణి.”

“ఇంతకీ ఆ పదో వచనంలో ఏముంది?”

సీసం నవ్వాడు. “అక్షరాలు తిరగేసి పేర్చేవాడికి అర్థంతో పనేముంటుందక్కా? ఏ గడిలోంచి ఏ అక్షరం తియ్యాలో తెలుసు, అంతే.”

అతను ఇంటికి, అంటే కొట్టు వెనక రేకుల గదిలోకి, వెళ్ళాక రాళ్ళక్క బైబిలు తీసి చూసింది. ఇంటి యజమాని దగ్గర్నించి ఒక బానిస పారిపోయాడు. జైల్లో ఉన్న ముసలాయన వాణ్ణి చేరదీసి, తిరిగి పంపిస్తూ, వీణ్ణి బానిసగా కాదు తోబుట్టువుగా చేర్చుకో అని బతిమాలుతున్నాడు. పదో వచనంలో వాడెవరో చెబుతున్నాడు. వీడు నా కొడుకు, నేను సంకెళ్ళలో ఉండగా కన్న కొడుకు అంటున్నాడు.

పెద్దాయన వయసులో ఉన్నప్పుడు, సమ్మె చేస్తున్నవాళ్ళకి కరపత్రం అచ్చువేసినందుకు మూడేళ్ళు జైల్లో ఉన్నాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. రాళ్ళక్క పుస్తకం మూసేసింది. ఫోన్ చేసింది తనే. ఆ ఫోన్ చేసిన రెండోరోజే సీసాన్ని బయటికి పంపారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఆమెకి ముద్ద దిగలేదు.

ఇప్పుడు గుమ్మంలోకి వద్దాం.

పెద్దకొడుకు లోపలికొచ్చి, కూర్చోమన్న స్టూలు మీద ఉన్న రాతిపొడి చూసి నిలబడే ఉన్నాడు. నలభై ఎనిమిదేళ్ళుంటాయి. చేతికి సిరా అంటడం మానేసి పదేళ్ళైన అచ్చాపీసు యజమాని. రాత్రంతా నిద్రలేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాయి దగ్గరికెళ్ళి వంగి చూశాడు. పేరు చెక్కేసి ఉంది, తేదీలు చెక్కేసి ఉన్నాయి, పత్రిక పేరు చెక్కేసి ఉంది. చివర ఆ అంకె ఒక్కటే ఇంకా సుద్దగీతల్లో ఉంది.

“హమ్మయ్య,” అన్నాడు. “ఇంకా చెక్కలేదు. ఆ వరుస మొత్తం తీసేసి కీర్తనలు ఇరవైమూడు ఒకటి అని పెట్టమ్మా. అందరూ పెట్టుకునేదే.”

“తీసెయ్యడానికి అదేమైనా పలక మీద రాసిందా బాబూ? పత్రిక పేరు వేలు లోతున దిగిపోయింది.”

“అయితే పేరు ఉంచి అంకె మార్చు. మూడు వెయ్యి. మూడో వచనంలో కృప, సమాధానం అని మంచి మాటలున్నాయి.”

“అన్నీ చూసుకునే వచ్చారన్నమాట.”

రాళ్ళక్క ఉలి మొన గుడ్డతో తుడుస్తూ కూర్చుంది. తుడవాల్సినంత మురికేం లేదు దానికి.

“ఈ గోడ అవతల సమాధుల తోటలో నూటముప్పై రాళ్ళు నా చేత్తో చెక్కినవున్నాయి,” అంది. “అందులో వందకి పైగా మీరు చెప్పిన ఇరవైమూడు ఒకటే. ఎవరూ ఆలోచించరు, నేనూ అడగను. మీ నాన్నగారొక్కరే నడవలేని కాళ్ళతో స్వయంగా వచ్చి, నా ఎదురుగా కూర్చుని రాసిచ్చారు. క్యాలెండర్‌లో ఒక్క నెంబరు తప్పు పడిందని మూడువేల కాపీలు చింపించిన మనిషి. నలభై ఏళ్ళు వేరేవాళ్ళ నెంబర్లు దిద్దినాయన తన రాయి మీద నెంబరు తప్పు రాస్తారా?”

“తప్పు రాశారని నేననలేదు.”

“మరి?”

“సరిగ్గానే రాశారు. అదే నా బాధ.” అతను రాయికి వీపు తిప్పాడు. “చూడమ్మా, నువ్వు పెద్దదానివి, నీ దగ్గర దాచేదేముంది. జైల్లోంచి వచ్చాక మా నాన్న ఆర్నెల్లు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. అప్పుడు నాకు ఏడేళ్ళు. ఆ తరవాత కొన్నేళ్ళకి ఆశ్రమం నుంచి వీణ్ణి తెచ్చి పైన అటక మీద పెట్టారు. చిన్నప్పట్నించీ నాకు అనుమానమే. నువ్వు ఫోన్ చేసి అడిగిన రోజు పుస్తకం తీసి చూస్తే అనుమానం తీరిపోయింది. జైలుకి రోజూ భోజనం క్యారేజీలు తెచ్చే ఆడవాళ్ళుండేవాళ్ళట. ఎవరో ఏంటో నాకు అక్కర్లేదు.”

“అందుకని అతన్ని బయటికి తోశారు.”

“నేను మంచివాణ్ణని చెప్పుకోవడం లేదు. రోజూ వాడి ముఖం చూస్తూ ఆ ఆఫీసులో కూర్చోలేకపోయాను.” చెయ్యి విదిలించాడు. “నా సంగతి వదిలెయ్. రేపు ఆ రాయి ముందు మా అమ్మ నిలబడాలి. చర్చిలో సగం మందికి ఈ పత్రికలన్నీ నోటికొచ్చు. పేరు పక్కన పది చూడగానే ఇంటికెళ్ళి తీసి చదువుతారు. డెబ్భై ఏళ్ళ మనిషి, మొగుణ్ణి పూడ్చిపెట్టిన నెలకి, ఆయన ఇంకెవరితోనో కన్న కొడుకు సంగతి రాతి మీద చదువుకోవాలా? ఆవిడ ముఖం ఒకసారి తలుచుకుని చెప్పు, చెక్కగలవా?”

రాళ్ళక్క ఉలి కింద పెట్టింది. ఇంతసేపూ ఆమె అతన్ని రాక్షసుడిగా ఊహించుకుని, అనాల్సిన మాటలన్నీ సిద్ధం చేసుకుంది. రాక్షసుడైతే నాలుగు దులిపి పంపేది. ఇతనేమో తల్లి కోసం వచ్చాడు. పెద్దాయనకిచ్చిన మాట ఒకవైపు, ఆ ముసలావిడ ముఖం ఇంకోవైపు. ఈ రెండిటి మధ్య, తెర వెనక, ఊళ్ళో తన మనిషని చెప్పుకోడానికి ఒక్కరూ లేని సీసం. అతన్ని కొడుకని ఈ లోకంలో చెప్పే చోటు ఆ సుద్దగీతలొక్కటే.

“ఆ వచనంలో కన్నానంటే నిజంగా కన్నానని కాదట బాబూ,” అంది చివరికి, తనకే నమ్మకం లేని గొంతుతో. “పాస్టరు గారు ఒకసారి చెప్పారు. మంచి దారిలో పెట్టినవాణ్ణి కొడుకంటాడట. పెద్దాయన కూడా అలాగే...”

“నువ్వూ నేనూ అలా అనుకుందాం. ఊరనుకుంటుందా?”

“అనుకోదు,” అని గుమ్మంలోంచి ఇంకో గొంతు వినిపించింది.

పెద్దాయన భార్య గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపట్నించి ఉందో. చెప్పులు చేతిలో ఉన్నాయి. కొట్టు ముందు రాతిముక్కలు గుచ్చుకుంటాయని అందరూ చెప్పులేసుకుని వస్తారు, ఈవిడ చప్పుడవుతుందని విప్పేసి వచ్చింది.

“అమ్మా, నువ్వెందుకొచ్చావు? నేను చూసుకుంటానన్నాను కదా.”

“నువ్వు చూసుకున్నది చాలు,” అంటూ ఆవిడ వచ్చి, కొడుకు కూర్చోడానికి వెనకాడిన స్టూలు మీద పొడితో సహా కూర్చుంది. రాతి మీద ఉన్న సుద్ద అంకెని చాలాసేపు చూసింది. “పదే వేశారా. వేస్తారనుకోలేదు. వెయ్యడానికి ముప్పై రెండేళ్ళు పట్టింది ఆయనకి.”

“నీకు తెలుసా అమ్మా?” పెద్దకొడుకు గోడకి ఆనుకున్నాడు. “నాన్నకి ఇంకో... ఆ సంగతి నీకు ముందే తెలుసా?”

“నాన్నని ఏమీ అనకు. ఈ విషయంలో మాత్రం ఆయన్ని ఒక్క మాట కూడా అనకు.” ఆవిడ చెప్పులు కింద పెట్టి, పక్కపక్కన సరిగ్గా సర్దింది. “ఆయన మూడేళ్ళు జైల్లో ఉన్నారు. వాడు రెండో ఏడు చివర్లో పుట్టాడు. మీ నాన్న అప్పటికి దాదాపు రెండేళ్ళుగా జైలు గోడ దాటలేదు. ఆడవాళ్ళ క్యారేజీలు గేటు దాకానే వెళ్ళేవి. ఇంతకన్నా విడమర్చి నేను చెప్పలేను నాన్నా.”

రోడ్డు మీద ఏదో లారీ వెనక్కి వెళుతూ కూత పెట్టింది.

“నిన్ను నెలల తరబడి అత్తయ్య దగ్గర వదిలేశాను, గుర్తుందా? నాకు ఊపిరితిత్తుల జబ్బని చెప్పారు నీకు. జబ్బు కాదు. వాడు ఆయన కన్నవాడు కాదు. నేను కన్నవాడు.”

పెద్దకొడుకు కిందికి జారి నేల మీద కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కాకి రాతిపొడి అంటుకున్నది కూడా చూసుకోలేదు. “ఎవరు?” అన్నాడు.

“అది వాడడిగితే వాడికి చెప్తాను. నీకు కాదు.”

రాళ్ళక్కకి అప్పుడు తట్టింది, తెర వెనక రాయి రుద్దుతున్న చప్పుడు ఆగిపోయిందని. ఎప్పుడాగిందో ఎంత గుర్తుతెచ్చుకున్నా తెలియలేదు. కన్నుతో తెర వైపు సైగ చేసింది. ముసలావిడ చూడలేదు. ఒకసారి మొదలుపెట్టాక ఆగితే మళ్ళీ నోరు రాదన్నట్టు చెప్పుకుపోతోంది.

“ఆయన జైల్నుంచి వచ్చాక నేనే చెప్పాను. కొట్టలేదు, తిట్టలేదు. ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు, అంతే. తరవాత మామూలుగానే ఉన్నారు. ఏళ్ళు గడిచాయి. ఒకరోజు వెళ్ళి వాణ్ణి తీసుకొచ్చారు. ఇంటి గడప దాటనివ్వలేదు, అచ్చాపీసు అటక మీదికి పంపించారు. ఆరోజే ఈ పత్రిక తీసి పదో వచనం చూపించి నాతో అన్నారు, ‘నేను వీణ్ణి ఇలా పిలవాలి. పిలవాలని తెలుసు. నోరు రావట్లేదు. వచ్చిన రోజు పిలుస్తాను, అప్పటిదాకా నువ్వు కూడా పిలవకు’ అని. సరే అన్నాను. నేనేం మొహం పెట్టుకుని కాదంటాను? రోజూ మధ్యాహ్నం వెనక వసారాలో వాడికి అన్నం పెట్టేదాన్ని. వాడు తిని, కంచం కడిగిచ్చి, వస్తానమ్మగారూ అనేవాడు. నేను సరే అనేదాన్ని. అన్నేళ్ళూ అదొక్క మాటే.”

ఏడుస్తుందేమోనని రాళ్ళక్క ఎదురుచూసింది. ఆవిడ ఏడవలేదు. ఆ కళ్ళలో నీళ్ళు ఎప్పుడో అయిపోయినట్టున్నాయి. అంత పట్టుదల మనిషి, అంత చదువుకున్న మనిషి పెద్దాయన, బతికుండగా ఒక్క మాట అనలేక చచ్చాక రాతిచేత అనిపించుకుంటున్నాడు. ఇది మంచితనమో, పిరికితనమో, రెండూనో రాళ్ళక్కకి అర్థం కాలేదు గానీ, కోపం మాత్రం వచ్చింది. ఏళ్ళ తరబడి ఆ పదో వచనం విప్పి మళ్ళీ పేర్చిన ఆ పిల్లవాడి వేళ్ళు తలుచుకుంటే పట్టరాని కోపం వచ్చింది.

“చెక్కమ్మా,” అంది ముసలావిడ. “నేనిక్కడే కూర్చుంటాను. నేను చూస్తుండగా చెక్కు. రేపు ఊరేమనుకుంటే నన్నే అనుకోనీ, ఆయన్ని కాదు.”

“అమ్మా, ఊరు ఆయన్నే అంటుంది,” పెద్దకొడుకు నేల చూస్తూ అన్నాడు. “చదివినవాళ్ళు ఆయన ఎక్కడో కన్నాడనే అనుకుంటారు.”

“అనుకుంటారని ఆయనకి తెలియదా? ఒక్క అంకె గురించి తెల్లవార్లూ ఆలోచించే మనిషి. తెలిసే వేశారు. నా మీదికి రావాల్సింది తన మీద వేసుకుని పోయారు.”

రాళ్ళక్క సుత్తి అందుకుంది. అంకె రెండు నిమిషాల పని. మొదట ఒకటి, తరవాత సున్నా. మోకాళ్ళ మీద కూర్చుని ఉలి మొన సుద్దగీత మీద ఆనించింది.

అప్పుడు తెర పక్కకి తొలిగింది.

సీసం మోచేతుల దాకా బూడిదరంగు బురదతో ఉన్నాడు. చేతిలో రాయి తుడిచే తడిగుడ్డ ఉంది. పెద్దకొడుకు వైపు చూడలేదు. ముసలావిడ వైపు తిరిగి, రోజూ వెనక వసారాలో నిలబడేంత దూరంలోనే ఆగాడు. పదేళ్ళప్పుడు నేర్చుకున్న దూరం అది, ఇప్పుడు కూడా ఒక్క అడుగు ముందుకి రాలేదు.

“అమ్మగారూ, ఒకటి అడుగుతాను.”

ఆవిడ తల ఊపింది. ఎవరు అని అడుగుతాడనుకుని, చెప్పడానికి పెదాలు కూడా తడుపుకుంది.

“ఆశ్రమంలో పదేళ్ళున్నాను. ఆదివారం ఆదివారం అందర్నీ గేటు దగ్గర వరసలో కూర్చోబెట్టేవాళ్ళు. ఎవరికో ఒకరికి ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. నాకు ఎవరూ లేరని చెప్పారు కాబట్టి నేను గేటు వైపు చూడ్డం మానేశాను. నేనక్కడున్నట్టు మీకు తెలుసా?”

“తెలుసు,” అంది ఆవిడ.

ఇంకేమైనా చెబుతుందని సీసం కాసేపు చూశాడు. ఆవిడ చెప్పలేదు.

అతను రాయి దగ్గరికి వచ్చాడు. “జరుగక్కా,” అన్నాడు. రాళ్ళక్క ఉలి తీసి పక్కకి జరిగింది. ఎందుకు జరిగిందో ఆమెకే తెలియదు. అతను వంగి, పత్రిక పేరు మీద వేలు పెట్టి, అలవాటు కొద్దీ చివర్నుంచి వెనక్కి చదువుకుంటూ వచ్చాడు. అయ్యాక తడిగుడ్డ కుడిచేతిలోకి మార్చుకున్నాడు. గుడ్డలోంచి నీళ్ళు కారి సుద్ద అంకె అంచు మీద పడ్డాయి. ఒకటి కిందభాగం కరిగి మసకబారింది.

“ఆయనకి నోరు రాని మాట నా పేరు మీద రాతిలో ఎందుకక్కా?” అన్నాడు. “నేను దీన్ని చాలాసార్లు పేర్చాను. విప్పమంటే విప్పాను. ఒక్కసారైనా నా అంతట నేను విప్పలేదు. ఇప్పుడు విప్పుతాను.”

నేల మీదున్న పెద్దకొడుకు లేచి నిలబడ్డాడు. ఆ అంకె చెరిగిపోవాలనే అతను ఈ కొట్టుకి వచ్చాడు. ఇప్పుడు రెండంగల్లో వచ్చి, సీసం మణికట్టు గట్టిగా పట్టుకుని, “వద్దు,” అన్నాడు.